పని పోయిన మనిషి ఏ పథకం కిందికి వస్తాడు?

పొదిలి వైపు ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇంట్లో ఐదుగురు. 66 ఏళ్ల అవ్వ, పొగాకు గోడౌనులో హమాలీ పని చేసే 44 ఏళ్ల కొడుకు, అదే పొగాకు గ్రేడింగుకు వెళ్లే కోడలు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. అవ్వ పేరున రెండెకరాల మెట్ట పొలం ఉంది. పొగాకు కొనుగోళ్లు ముగిశాయి, గోడౌనుకు తాళం పడింది, కొడుకు, కోడలు ఇద్దరూ ఖాళీగా ఉన్నారు.

ఈ ఇంటికి ప్రభుత్వం నుంచి ఏడాదికి ఎంత వస్తుందో లెక్క వేద్దాం. అవ్వకు ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 15,000 అన్నా, బడి నిర్వహణకు 2,000 తీసేసి తల్లి ఖాతాలో వేసేది 13,000. ఇద్దరికీ కలిపి 26,000. పొలానికి అన్నదాత సుఖీభవ ఉంది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో ముఖ్యమంత్రి దాన్ని ప్రారంభించారు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000, రాష్ట్రం ఇచ్చే 14,000 కలిపి ఏడాదికి 20,000. మొత్తం 94,000 రూపాయలు. దీనికి తోడు మనిషికి ఐదు కిలోల చొప్పున నెలకు 25 కిలోల ఉచిత బియ్యం, ఏడాదికి మూడు గ్యాసు బండలు.

చిన్న మొత్తం కాదు. అయితే ఈ 94,000లో పని పోయినందుకు వచ్చినది ఒక్క రూపాయి కూడా లేదు. కొడుక్కి పని ఉన్నా ఇంతే వచ్చేది, లేకపోయినా ఇంతే వస్తోంది. అవ్వ వయసుకు లెక్క ఉంది, పిల్లల చదువుకు ఉంది, పొలానికి ఉంది. పని చేయగలిగి, పని దొరకని మనిషికి మాత్రం లెక్క లేదు. సచివాలయం మెట్ల మీద రోజూ వినిపించే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. వచ్చినవారు ‘నాకు పని లేదు, నాకేమి వస్తుంది?’ అని అడుగుతారు. కంప్యూటరు అడిగే ప్రశ్నలు వేరు. నువ్వు ఏ వర్గం? ఎవరి కుటుంబంలో ఉన్నావు? నీ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉంది? ఈ మూడింటికీ మనిషి ఆకలితో గానీ, ఖాళీ చేతులతో గానీ సంబంధం లేదు.

వర్గం సంగతి తేలికగానే అర్థమవుతుంది. వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలకు 4,000; దివ్యాంగులకు 6,000; మంచం దిగలేని స్థితిలో ఉన్నవారికి 15,000; డయాలసిస్ చేయించుకునేవారికి 10,000. ఈ చివరిది కనిగిరి, పీసీపల్లి వైపు ఎంత ముఖ్యమైనదో అక్కడివారికి చెప్పనక్కరలేదు. మామూలుగా 60 ఏళ్లు నిండాలి. చేనేత కార్మికులు, కల్లుగీత కార్మికులు, మత్స్యకారులకు 50 ఏళ్లు చాలు. గిరిజనులకు కూడా 50 చాలు కాబట్టి నెల్లూరు జిల్లా యానాదులు ఈ వయసు సడలింపు గురించి తప్పక తెలుసుకోవాలి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు మరుసటి నెల నుంచే ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. అంతకు ముందు వితంతు పింఛనుకు మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకుని ఎదురుచూడాల్సి వచ్చేది.

ఈ 4,000లో కేంద్రం వాటా ఎంతో చాలామందికి తెలియదు. 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు నెలకు 200 రూపాయలు, అది కూడా పేదరిక రేఖకు దిగువన ఉన్నారని కేంద్రం లెక్కగట్టినంత మందికే. 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్ర ఖజానా నుంచే. 2014లో 200 నుంచి 1,000కి, 2019 జనవరిలో 2,000కి, ఆ తర్వాత విడతలుగా 3,000కి, 2024 జులైలో 4,000కి పెరిగిందంటే ప్రతిసారీ దాని వెనుక ఒక ఎన్నిక ఉంది. పింఛను చట్టం ఇచ్చిన హక్కు కాదు, ప్రభుత్వ ఉత్తర్వు. పెంచినా, కొత్త మంజూరులు తెరిచినా, ఆపినా ఉత్తర్వుతోనే. అందుకే అన్ని అర్హతలూ ఉన్న మనిషి కూడా ‘సైటు ఇంకా తెరవలేదు’ అనే మాట విని వెనక్కి రావాల్సి వస్తుంది.

అసలు చిక్కు రెండో ప్రశ్నలో, అంటే ఎవరి కుటుంబంలో ఉన్నావన్న దానిలో ఉంది.

పింఛను మనిషికి ఇస్తారు గానీ అర్హత ఇంటికి చూస్తారు. తీవ్ర వైకల్యం, డయాలసిస్ వంటి మినహాయింపులు తప్పిస్తే ఇంటికి ఒకటే పింఛను. మన ఉదాహరణలో కొడుకు చనిపోయి కోడలు వితంతువు అయినా, అత్తాకోడళ్లు ఒకే రైస్ కార్డులో ఉన్నంతకాలం ఆ ఇంటికి రెండో 4,000 రావడం కష్టం. ఇక ఇంటి అర్హతను తేల్చేది ఆరంచెల పరిశీలన. కుటుంబ భూమి మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు; రెండూ కలిపినా పదెకరాలే. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు. ప్రభుత్వోద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు మించిన కట్టడం ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు.

ఈ జాబితాలో లేనిదేమిటో చూడండి. ఆదాయం. నియమం ప్రకారం నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 లోపు ఉండాలన్నదే అసలు కొలమానం. కానీ హమాలీ ఆదాయమెంతో, గ్రేడింగుకు వెళ్లే ఆమె ఈ నెల ఎన్ని రోజులు పనికి వెళ్లిందో ఏ ప్రభుత్వ కంప్యూటరులోనూ ఉండదు. కాబట్టి ఉన్న వివరాలతో లేని ఆదాయాన్ని ఊహిస్తారు. రవాణా శాఖ దగ్గర బండి వివరం ఉంది, విద్యుత్తు సంస్థ దగ్గర యూనిట్లున్నాయి, రెవెన్యూ దగ్గర పొలం వివరాలుండే అడంగల్ ఉంది. అవన్నీ ఆధార్ సంఖ్యతో కలిపి చూస్తారు. దీనిలో కుట్ర ఏమీ లేదు. లక్షల ఇళ్లను పరిశీలించాలంటే మరో దారి కూడా కనిపించదు. చిక్కల్లా ఏమిటంటే, ఈ గుర్తులన్నీ ఇంటికి ఉన్న ఆస్తిని చూపుతాయి గానీ నిన్న పోయిన పనిని చూపవు. కారున్న మనిషి ఉద్యోగం పోగొట్టుకున్న రోజున కారు ఇంటి ముందే ఉంటుంది కదా.

నెల్లూరులో ఇలాంటిది తరచూ జరుగుతుంది. సొంత ఇల్లున్న పెద్దాయన మేడ మీద రెండు వాటాలు కట్టి అద్దెకిస్తాడు. మూడు మీటర్లూ ఆయన పేరు మీదే, ఆయన ఆధార్‌తోనే ఉంటాయి. అద్దెకున్నవారు ఏసీ వేసుకుంటే ఆ యూనిట్లన్నీ పెద్దాయన ఖాతాలో పడి 300 దాటుతాయి. అద్దెలు వస్తున్నాయి కదా అని మీరు అనవచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఎవరో తెలియనివారి మీటరుకు పొరపాటున తన ఆధార్ ముడిపడిన కూలీ మనిషికి కూడా ఇదే జరుగుతుంది. ఎప్పుడో అమ్మేసిన పాత కారు కొన్నవారి పేరుకు మారకపోతే అదీ ఇంతే. ఇలాంటప్పుడు సచివాలయంలో ఎంత వాదించినా లాభం లేదు. అక్కడి వెల్ఫేర్ అసిస్టెంట్ కారణాన్ని చూపగలరు గానీ దాన్ని చెరపలేరు. మీటరు తప్పును విద్యుత్తు కార్యాలయంలో, బండి తప్పును రవాణా కార్యాలయంలో, భూమి తప్పును తహసీల్దారు దగ్గర సరిచేయించుకోవాలి. నెల్లూరు వారిది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (విద్యుత్తు పంపిణీ సంస్థ), ఒంగోలు వారిది విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కం. ముందు సచివాలయంలో ఏ అంచెలో ఆగిందో రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. అది చేతిలో లేకుండా సోమవారం కలెక్టరేటు అర్జీల వేదికకు వెళితే ఆ అర్జీ తిరిగి తిరిగి అదే సచివాలయానికి వస్తుంది.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పన్ను కట్టే చిన్న కొడుకు పేరు ఇంకా ఊళ్లో రైస్ కార్డులోనే ఉండటం మరో మామూలు కారణం. అతను ఇంటికి డబ్బు పంపుతున్నాడా లేదా అన్నది ఎవరూ అడగరు. పెళ్లయి వేరుపడితే కార్డు విడదీయించుకోవచ్చు. విడదీయకపోతే అవ్వ పింఛనుకు అతని జీతం అడ్డు.

మూడో ప్రశ్న, బ్యాంకు. పింఛను చేతికే ఇస్తారు కాబట్టి ఈ తలనొప్పి లేదు. ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి ఇంటికి వస్తారు, వేలిముద్రో ముఖమో చూపితే నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, ఉపాధి కూలి మాత్రం ఆధార్ ద్వారా ఖాతాకు వెళతాయి. ఒకే మనిషి నాలుగు ఖాతాలకు ఆధార్ ఇచ్చి ఉండవచ్చు. డబ్బు వెళ్లేది మాత్రం బ్యాంకుల మధ్య చెల్లింపులను నడిపే ఎన్‌పీసీఐ జాబితాలో చివరగా నమోదైన ఒక్క బ్యాంకుకే. ఊరికి వచ్చి బలవంతంగా ఖాతా తెరిపించిన ఏదో బ్యాంకుకు డబ్బు చేరి, మనిషి పాత పాస్‌బుక్ పట్టుకుని ‘పడలేదు’ అని తిరగడం మామూలే. బ్యాంకులో ‘ఆధార్ లింక్ అయిందా?’ అని అడిగితే అయిందనే చెబుతారు, అదీ నిజమే. అడగాల్సింది ‘ప్రభుత్వ డబ్బు పడేందుకు ఎన్‌పీసీఐలో ఈ ఖాతా ఉందా?’ అని.

ఇక పని దగ్గరికి వద్దాం.

పని దొరకని మనిషికి ఈ దేశంలో చట్టం రాసి ఇచ్చిన భృతి ఒకటుంది. ఊళ్లలో కరువు పని అని పిలిచే ఉపాధి హామీ చట్టంలోనే అది ఉంది. (దాని స్థానంలో తెచ్చిన కొత్త చట్టం సంగతి చివర్లో చూద్దాం.) 2005లో వచ్చిన ఆ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమలు మొదలైంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు 2007లో రెండో విడతలో వచ్చింది. వంద రోజుల పని సంగతి అందరికీ తెలుసు. దాని ఏడో సెక్షను సంగతి కూలీల హాజరు, పని చూసుకునే మేట్లలో కూడా కొద్దిమందికే తెలుసు. పని కావాలని అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలి రేటులో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. 2025-26లో రాష్ట్రానికి నిర్ణయించిన కూలి 307 రూపాయలు. ఆ లెక్కన మొదటి నెల రోజుకు 76 రూపాయల 75 పైసలు, తర్వాత 153 రూపాయల 50 పైసలు.

మరి ఎవరికీ అందినట్టు ఎందుకు వినబడదు? చట్టం రాసిన తీరులోనే కారణం ఉంది. పని చూపితే కూలి ఖర్చు కేంద్రానిది. పని చూపలేకపోతే భృతి ఖర్చు రాష్ట్రానిది. రాష్ట్రాలు పని చూపేలా తొందరపెట్టడానికే అలా రాశారు. కింది స్థాయిలో జరిగింది వేరు. అడిగిన తేదీ కాగితం మీద ఉంటేనే కదా 15 రోజుల లెక్క మొదలయ్యేది? పని సిద్ధమైన రోజునే అడిగినట్టు నమోదు చేస్తే ఆ లెక్క ఎప్పటికీ మొదలు కాదు. కూలీలు అడిగేది నోటిమాటగా, ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పేది ‘వచ్చే వారం చూద్దాం’ అని. తేదీ వేసిన రసీదు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. నలుగురైదుగురు కలిసి కాగితం మీద అడిగి, రసీదు తీసుకుంటే అది భృతికి ఆధారమవుతుంది. భృతి కోసం కాకపోయినా, ఆ రసీదు చూశాక పని త్వరగా దొరికే అవకాశం ఎక్కువ. ఎందుకంటే భృతి చెల్లించాల్సి వస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది కింది ఉద్యోగులే.

307 కూడా రోజుకు తప్పక వచ్చే మొత్తం కాదు. తవ్విన మట్టి కొలతను బట్టి కూలి. పొదిలి, కొనకనమిట్ల వైపు గట్టి నేలలో ఎండాకాలం గడ్డపార దిగదు, కొలత తగ్గుతుంది, కూలి కూడా తగ్గుతుంది. రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి. సిగ్నల్ లేని చోట హాజరు పడకపోతే చేసిన పనికి రుజువు ఉండదు. మన హమాలీకి ఆ పని కన్నా హైదరాబాదు బస్సే నయమనిపిస్తే తప్పు పట్టలేం. అక్కడ అతని రైస్ కార్డు పనిచేస్తుంది; ఇతర రాష్ట్రాల రేషన్ కార్డులను అంగీకరించే ఏర్పాటును మొదట ప్రయోగించినది 2019లో ఆంధ్ర, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య.

కంపెనీ ఉద్యోగులకు వేరే దారి ఉంది, చాలా ఇరుకైనది. నెలకు 21,000 లోపు జీతంతో, కార్మికుల బీమా అయిన ఈఎస్‌ఐ ఉన్నవారు పని పోగొట్టుకుంటే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద సగటు రోజు కూలిలో సగం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారి ఇస్తారు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారికి ఇది వర్తించవచ్చు. అదే రాయిని క్వారీలో కోసేవారికి వర్తించేది కాదు. పాత ఈఎస్‌ఐ చట్టం ఫ్యాక్టరీకి ఇచ్చిన నిర్వచనంలోంచి గనులను తప్పించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలో సంస్థ అంటే గని కూడా. క్వారీ కార్మికుడి చేతికి ఈఎస్‌ఐ కార్డు వచ్చాక గానీ ఆ మార్పుకు అర్థం ఉండదు. ఇక ఈ-శ్రమ్ కార్డు ఉంటే డబ్బు వస్తుందని నమ్మేవారికి ఒక మాట: అది అసంఘటిత కార్మికుల జాబితా, దానంతట అది నెలనెలా డబ్బిచ్చే పథకం కాదు.

చదువుకున్నవారి నిరుద్యోగ భృతిది చిన్న కథ. 2018 అక్టోబరు 2న యువనేస్తం పేరుతో నెలకు 1,000తో మొదలై, 2019లో 2,000 అయింది. ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 3,000 హామీగా మళ్లీ వినిపించింది. వెనుక చట్టం లేని భృతికి ఆయుష్షు ఎంతో ఈ మూడు అంకెలే చెబుతాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నిరుద్యోగ భృతికి చాలా దగ్గరగా వచ్చే పథకం ఒకటుంది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి బోట్లు కదలకూడదు. ఆ రోజులకు జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం పాలేల్లోని మత్స్యకార కుటుంబాలకు మత్స్యకార సేవలో పథకం కింద 20,000 ఇస్తున్నారు. 2019 నుంచి 10,000గా ఉన్నది 2025లో రెట్టింపయింది. 61 రోజులకు భాగిస్తే రోజుకు దాదాపు 328 రూపాయలు, అంటే 2025-26 ఉపాధి కూలి కన్నా కొంచెం ఎక్కువే. ఇక్కడ ఆస్తి ఒక్కటే చూసి సరిపెట్టుకోవడం లేదు. పని ఆగిందన్న సంగతినీ చూస్తున్నారు, ఎందుకంటే ఆపినది ప్రభుత్వమే. సోమశిల, కండలేరు జలాశయాల్లో వల వేసేవారికి ఇది రాదు. నిషేధం సముద్రానికే, సాయమూ సముద్రానికే.

పని ఆపినవారే సాయం చేయాలన్న ఈ సూత్రాన్ని పట్టుకుని కొత్త గ్రామీణ ఉపాధి చట్టాన్ని చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం పాత ఉపాధి హామీ స్థానంలో తెచ్చినది. పని రోజులు వందకు బదులు 125. 15 రోజుల్లో పని చూపకపోతే భృతి అన్న నియమం ఇందులోనూ ఉంది. కూలి ఖర్చులో రాష్ట్రం ఇకపై 40 శాతం భరించాలి. వీటన్నిటికన్నా మెట్ట మండలాలకు ఎక్కువగా తగిలేది మరొకటి: విత్తే కాలం, కోత కాలం కలిపి ఏడాదిలో 60 రోజులు ప్రభుత్వ పనులు ఆపాలి. రైతుకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. పెన్నా కాలువల కింద నాట్లు పడే నెల్లూరు డెల్టాలో ఆ 60 రోజులూ పొలం పని ఉంటుంది కాబట్టి కూలీకి నష్టం తక్కువ. వాన రాకపోతే విత్తే కాలమే రాని పామూరు, వెలిగండ్ల వైపు అటు పొలం పనీ ఉండదు, ఇటు ప్రభుత్వ పనీ ఉండదు. సముద్రంలో పని ఆపితే 20,000 ఇచ్చే ఏర్పాటు ఉంది, మెట్టలో పని ఆపితే అలాంటిదేమీ రాయలేదు.

ఆ 60 రోజులు రాష్ట్రమంతటికీ ఒకటే కానక్కరలేదు. ఏ ప్రాంతానికి ఏ తేదీలన్నది వాతావరణాన్ని, సాగు కాలాన్ని బట్టి విడివిడిగా, ముందుగానే ప్రకటించే అధికారం రాష్ట్రానికే ఉంది. డెల్టా క్యాలెండరునే మెట్టకూ వర్తింపజేస్తారా, కనిగిరి వైపు తేదీలు వేరుగా నిర్ణయిస్తారా అన్నది ఆ ప్రకటనలోనే తేలుతుంది. గ్రామసభల్లో పనుల జాబితా చదివేటప్పుడు కూలీలు ముందుగా అడగాల్సింది ఆ తేదీల గురించే.